సాకలి పద్దు

కౌకూరు దగ్గర బోరు వేయిస్తుంటే
నాలుగడుగుల లోతులో దొరికింది,
జానెడు ఇనుప ముక్క, తలకో రంధ్రం.
బండివాడు పక్కకి విసిరేశాడు.
ముప్పై రెండేళ్ళు వంతెనల బొమ్మలు గీసిన చెయ్యి
ఊరుకోలేక ఏరుకుంది.
డేరా మేకు కాదది.
రెండు ఉక్కు చట్రాల్ని కలిపి పట్టే సీల.

అట్లా మొదలైంది.

తార్నాకలో పాత ఫైళ్ళ గది.
కరెంటు పోయినప్పుడల్లా
కిటికీ వైపు కుర్చీ జరుపుకుంటూ చదివాను:
యుద్ధకాలపు ఇంజనీర్ల శిక్షణ శిబిరం, బొల్లారానికి ఉత్తరాన,
తాళ్ళు ఇన్ని బారలు, పీపాలు ఇన్ని,
కంచరగాడిదలు అరవై, అందులో కుంటివి ఏడు.
గాడిద కుంటితే రాసిపెట్టిన దొరలు
మనుషుల జాబితా ఉండాల్సిన చోట
ఒక్క ముక్క వదిలారు:
తగలబెట్టడమైనది.

ఆ శిబిరం నేర్పిన పాఠం కూడా అదే కాబోలు.
పొద్దున చెరువు మీద వంతెన కట్టడం,
పొద్దుగూకేలోపు విప్పేయడం.
ఎంత తొందరగా కడితే అంత మెప్పు,
ఎంత ఆనవాలు లేకుండా విప్పితే
అంతకు రెట్టింపు.
అలాంటి చోటును పట్టుకుని నేను వెతుకుతున్నాను.
వంతెన సరే, చెరువు కూడా లేదిప్పుడు.
దాని పేరు ఓ అపార్ట్‌మెంటు గేటు మీద
ఇత్తడి అక్షరాల్లో ఉంది.

"దొరలు పోయి ఎనభై ఏండ్లాయె,
నువ్వింకా హాజరు తీస్తున్నవా?"
అంటుంది మా ఆవిడ, అన్నం వడ్డిస్తూ.

లాల్‌బజార్‌లో ఇస్త్రీ బండి.
సీలను చేతిలో తిప్పుతూ నేను అడిగిందానికి
బుచ్చవ్వ నిప్పుల పెట్టె దించి అంది:
"మా తాత పోశెట్టి ఆ పల్టన్ బట్టలే ఉతికెటోడు.
పద్దున్నది ఇంట్ల. సదవస్తదో రాదో,
నువ్వే సూస్కో."

ట్రంకుపెట్టెలో, పెళ్ళి పత్రికల అడుగున,
నూనెగుడ్డ చుట్టిన పొడుగాటి పుస్తకం.
ఒక్క అక్షరం లేదు.
పోశెట్టికి చదువు రాదు, దొరల పేర్లు నోరు తిరగవు.
అన్నీ గుర్తులే.
గీత మీద మూడు చుక్కలు.
బోర్లించిన చాట.
కాకి కాలు.
కాలర్ లోపల నల్లజీడి రసంతో పెట్టినవి,
ఏ సౌడుకీ, ఏ బండదెబ్బకీ పోనివి.
లెక్కపెట్టాను, రెండు వందల పన్నెండు.
ఒక్కో గుర్తుకెదురుగా నిలువు గీతలు,
అంగీలు, లాగులు, దుప్పట్లు,
వారం వెంబడి వారం.

"గీడికెళ్ళి సూడు," అని వేలు పెట్టింది.
అక్కడ గీతలు ఆగిపోయాయి.
తొమ్మిది గుర్తుల పక్కన మాత్రం చిన్న సున్న,
ఉతికి, మడతపెట్టి, ఉంచినవి.
తీసుకుపోవడానికి ఎవరూ రానివి.

"బర్మా దిక్కు పోయిన్రంట, ఏదో నది కాడికి.
తాత బోనాలకొకసారి ఆ బట్టలు ఎండకేసెటోడు.
కూలి బాకీ ఉన్నరు, వస్తరు అనెటోడు.
పోయినోళ్ళ మీద బాకీ ఏందని అవ్వ తిట్టేది."
కాసేపాగి నవ్వింది.
"ఒక అంగీ మా నాయిన లగ్గానికి తొడిగిన్రు.
దండ కింద, మెడ కాడ, కాకి కాలు."

నా సంచిలో ఇంకో కాగితం ఉంది.
సముద్రాల అవతల ఓ పెద్దమనిషి
పాపం, ఓపిగ్గా నకలు తీసి పంపిన పేర్లు,
ఆ నది దగ్గర పోయినవాళ్ళవి.
పదకొండు.
పద్దు పక్కన పరిచాను.
ఇటు పేర్లు, ముఖాల్లేవు.
అటు గుర్తులు, చెమట తెలిసినవి, పేర్లు లేవు.
కాకి కాలు ఎవరిది?
పదకొండులో ఏ ఇద్దరు
బట్టలు ఇక్కడ వదలకుండా పోయారు?
సీల ఉంది జేబులో. దూర్చే రంధ్రమే దొరకలేదు.

లేచేముందు అడిగాను,
ఈ పద్దు తార్నాకలో భద్రంగా ఉంచుదామా అని.

బుచ్చవ్వ నూనెగుడ్డ దగ్గరికి లాక్కుంది.
"అద్దు బిడ్డా," అంది,
"ఆళ్ళు తగలబెడ్తరు గద."